కుర్చీలోంచి లేవకూడదు

పెద్దాపురంలో సూర్యప్రకాశం మాస్టారి ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఆయన ఏ గదిలోకి వస్తే ఆ గదిలో ఉన్న ఆడవాళ్ళు లేచి నిలబడాలి. ఈ సంగతి ఎవరూ ఎవరికీ చెప్పరు. ఆయన కూడా ఏనాడూ "లేవండి" అనలేదు. అనవలసిన అవసరం రాలేదు కనుక, తన ఇంట్లో ఎవరి మీదా ఏ కట్టడీ లేదనే ఆయన నమ్మకం. హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. తను గుమ్మంలో అడుగుపెట్టగానే పిల్లలు బెంచీలు దబదబలాడించుకుంటూ లేచే చప్పుడు వింటూ ఉద్యోగమంతా గడిపారు. ఇంటి దగ్గర ఆ మర్యాద కరువైతే తోచదు కాబోలు.

ఫణిశ్రీ ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో ఒకరోజు మంచం మీద కూర్చుని పువ్వులు కట్టుకుంటోంది. కోనసీమలో వాళ్ళ పుట్టింట్లో ఇలాంటి అలవాటు లేదు. మామగారు వచ్చారు, గూట్లో పంచాంగం తీసుకున్నారు, వెళ్ళిపోయారు. ఏమీ అనలేదు. ఆ పూట భోజనం దగ్గర మాత్రం ఒక్క ముక్క మాట్లాడలేదు. అత్తగారు మాణిక్యాంబ వంటింట్లోకి పిలిచి, "ఆయనొచ్చినప్పుడు కాస్త లేస్తూ ఉండమ్మా. ఏం పోతుంది మనకి" అంది. ఆవిడకి అప్పటికే మోకాళ్ళ నొప్పులు. ఒక చెయ్యి నేలకీ, ఇంకో చెయ్యి గోడకీ ఆనించి మూలుగుతూ లేచేది. అంత పెద్దావిడ అంత కష్టపడి లేస్తుంటే వయసులో ఉన్నది కూర్చుని ఎలా ఉంటుంది? అలా మొదలైంది. కొన్నేళ్ళకి వరండాలో ఆయన చెప్పుల చప్పుడు వినపడితే చాలు, ఫణిశ్రీ కాళ్ళు వాటంతట అవే లేచేవి. బుర్రకి తెలిసేలోపల పని అయిపోయేది.

ఆమె అమలాపురంలో బీకామ్ చదివింది. పెళ్ళయ్యాక పెద్దాపురంలోనే ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ ఆఫీసులో చేరింది. హాజరు ఎక్కించడం, హాల్ టిక్కెట్లు ఇవ్వడం, రాని పిల్లల తల్లిదండ్రులకి ఫోన్లు చెయ్యడం ఆమె పని. అయితే కామర్సు పిల్లలు ఏదైనా లెక్కలో చిక్కుకుంటే మధ్యాహ్నం పూట ఆఫీసు కిటికీ దగ్గర చేరేవారు. "మేడమ్, ఈ బ్యాలెన్స్ షీటు ఎందుకు తేలట్లేదండి" అంటూ నోట్సు లోపలికి తోసేవారు. ఆమె చేతిలో పని పక్కన పెట్టి, పెన్సిలుతో పక్కన నాలుగు ముక్కలు రాసి, వాళ్ళ చేతే మళ్ళీ చేయించేది. రోజు మొత్తంలో ఆ కాసేపే తను మనిషిలా ఉన్నట్టు అనిపించేది ఆమెకి. మిగతా వేళల్లో ఇంట్లో గరిటె, కాలేజీలో రబ్బరు స్టాంపు.

ప్రిన్సిపాల్ జగన్నాథరావు ఈ కిటికీ పాఠాలు చూసీ చూడనట్టు చూస్తూనే ఉన్నాడు. కామర్సు లెక్చరర్ రిటైర్మెంటు రెండేళ్ళుందనగా ఆమెను పిలిచాడు. "ఎమ్.కామ్ చేసెయ్యండి ఫణిశ్రీ గారూ. ఇప్పుడంతా ఆన్‌లైన్లోనే ఇస్తున్నారు కదండి. పెద్దాయన వెళ్ళే ఏడాది ఆగస్టుకల్లా పాసైనట్టు చూపించారంటే ఆ క్లాసు మీకే. ఆలస్యమైతే మాత్రం మేనేజిమెంటు వాళ్ళు బయటి మనిషిని తెచ్చుకుంటారు. తర్వాత నేనేం చెయ్యలేనండి" అన్నాడు. ఆ మాట పట్టుకుని ఆమె రెండేళ్ళు బతికింది. నల్లబల్ల ముందు నిలబడి, వెనక బెంచీ వరకు వినపడేలా పాఠం చెప్పడం. ఆమె కోరిక అంతకుమించి ఏమీ లేదు.

చదువుకోవడానికి అనుమతి మామగారే ఇచ్చారు. ఇచ్చి ఊరుకోలేదు, ఆ చదువు మొత్తాన్ని తన భుజాన వేసుకున్నారు. "ఆన్‌లైన్ విద్యార్థులకు సూచనలు" అని యూనివర్సిటీ వాళ్ళు పంపినదాన్ని ప్రింటు తీయించి, అట్టకి అంటించి, హాల్లో క్యాలెండరు పక్కన మేకుకి తగిలించారు. సాయంత్రం కాఫీ తాగుతూ అందులో ఇంగ్లీషు ముక్కల్ని గ్రాంథికంలోకి మార్చి గట్టిగా చదివేవారు. "నిశ్శబ్దమైన గదిని ఎంచుకొనవలెను. ప్రతిదినము ఒకే వేళకు కూర్చొనవలెను. మధ్యలో ఇతర పనులు పెట్టుకొనరాదు." చదివి, కళ్ళజోడు పైకి జరుపుకుని, "విన్నావా అమ్మాయ్" అనేవారు. ఫణిశ్రీ వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి, "విన్నానండి" అనేది. ఆ ఇతర పనుల్లో ఆయన గారి ఫలహారం కూడా ఒకటని ఆ అట్ట మీద లేదు మరి.

నిజం చెప్పాలంటే ఆన్‌లైన్ చదువు ఆమెకి ఆ అట్ట నేర్పలేదు. దెబ్బలు తిని తనే నేర్చుకుంది. మొదట్లో వీడియో పాఠాలు సీరియల్ చూసినట్టు వరసబెట్టి చూసేసి, చదివేశానని సంబరపడింది. వారం తిరక్కుండానే క్విజ్ పెట్టారు. ఒక్క జవాబూ తిన్నగా రాలేదు. అప్పుడు తెలిసింది, చూడటం వేరు చదవడం వేరని. ఆనాటినుంచి పాఠం మధ్యలో ఆపి, తెర వంక చూడకుండా విన్నది కాగితం మీద పెట్టేది. రాయలేకపోతే మళ్ళీ వెనక్కి తిప్పేది. కాలేజీ వైఫై మీద పాఠాలు దించుకుని, ఇంట్లో అంట్లు తోముకుంటూ చెవిలో పెట్టుకుని వినేది. అసైన్‌మెంటు ఆఖరి రోజుదాకా ఉంచకూడదని ఒకసారి సర్వరు మొరాయించాక బుద్ధి తెచ్చుకుంది. సందేహాలు అడగడానికి మాత్రం చాలాకాలం మొహమాటపడింది. తెర మీద ఉన్న లెక్చరర్ గారిని పట్టుకుని "అర్థం కాలేదండి" అంటే ఆయనేమనుకుంటారో అని భయం. అడగనివాళ్ళు అక్కడ లేనట్టే లెక్క అని తెలిశాక, వారం వారం ఏదో ఒకటి అడగడం మొదలుపెట్టింది.

ఇవన్నీ అశ్వినికి కూడా నేర్పింది. అశ్విని అదే కోర్సు చదివే పిల్ల. మొగల్తూరు దగ్గర సముద్రం మీద చేపల వేటకెళ్ళే కుటుంబం. కాకినాడలో హార్బరు పక్కన ఐసు ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తూ, లేడీస్ హాస్టల్లో ఉండేది. వాట్సాప్ గ్రూపులో పరిచయమై "అక్కా, అక్కా" అని అంటుకుపోయింది. రెండో సెమిస్టరు తర్వాత మానేస్తానని ఏడిస్తే, ఫణిశ్రీ కూరగాయలు తరుగుతూ ఫోను భుజానికి అదుముకుని ధైర్యం చెప్పింది. "అంతా ఒకేసారి చూసి బెంబేలెత్తకు. ఈ వారం ఏముందో అదొక్కటే చూడు. పరీక్ష నాడు ఫోను డేటా రెడీగా పెట్టుకో, కరెంటు పోతే వైఫై పోద్ది. వెలుగు మొహం మీద పడేలా కూర్చో, వెనకనించి పడితే కెమెరాకి నువ్వు కనపడవు. గదిలోకి ఎవరూ రాకుండా ముందే చెప్పి ఉంచు."

"నా గదిలోకి ఎవరొస్తారక్కా. ఉన్నదే నేనొక్కదాన్ని" అని నవ్వింది అశ్విని.

ఆఖరి సెమిస్టరు ఆఖరి పేపరు ఆషాఢంలో పడింది. పెద్దాపురంలో ఆషాఢమంటే మరిడమ్మ తల్లి జాతర. నెల పొడుగునా ఊరంతా డప్పులు, నెత్తిన గరగ కుండలతో ఆటలు, వీధి వీధికీ మైకులు. వాళ్ళ వీధి చివర పల్లంరాజు మైకుసెట్టు వాడు నాలుగు హారన్లు కట్టాడు. పొద్దున్నే మొదలుపెడితే గ్లాసుల్లో నీళ్ళు కూడా వణికేవి. పరీక్ష ఇంట్లోనే లాప్‌టాప్ ముందు కూర్చుని రాయాలి, మైక్రోఫోను ఆన్‌లో ఉంటుంది. మాటలు వినపడితే కాపీ కొడుతున్నారని అనుమానిస్తారు. ఇంట్లో అందరి భయమూ ఆ మైకు మీదే ఉంది. కిటికీలకి బొంతలు కట్టారు. తలుపు కింద సందులో పాత చీర కుక్కారు. ఇంటిల్లిపాదీ ఆ శబ్దం మీద యుద్ధం ప్రకటించినట్టు తిరిగారు.

ఫణిశ్రీకి ఇంకో భయం కూడా ఉంది. పరీక్ష రాయబోయే గది తలుపుకి లోపల గడియ లేదు. ఎప్పుడో ఊడిపోయింది. వారం ముందే భర్త విశ్వనాథ్‌తో చెప్పింది, వడ్రంగిని పిలిచి ఒక గడియ పెట్టించమని. విశ్వనాథ్ కాకినాడ ఎరువుల ఫ్యాక్టరీలో ఉద్యోగం చేస్తాడు. పొద్దున్న బస్సెక్కి, సాయంత్రం బస్సు దిగుతాడు. మధ్యలో ఎవరితోనూ పేచీ పెట్టుకోని మనిషి. "పట్టపగలు కోడలు లోపల గడియ పెట్టుకుందంటే నాన్నగారు ఏమనుకుంటారో ఫణీ. అమ్మని గుమ్మంలో కూర్చోమంటే సరిపోద్ది కదా" అన్నాడు. సరిపోతుందనే ఆమె కూడా అనుకుంది. కోప్పడవలసినప్పుడు కోప్పడకుండా సర్దుకుపోవడం అలవాటైన మనిషికి ప్రతిదీ సరిపోయేలాగే కనపడుతుంది.

పరీక్ష ముందురోజు మామగారు అట్ట చేతిలోకి తీసుకుని అందరినీ కూర్చోబెట్టి, అంటే అందరినీ నిలబెట్టి, నిబంధనలు చదివారు. "అభ్యర్థి కుర్చీలోనుండి లేవరాదు. మొహము కెమెరాకు ఎల్లవేళలా కనిపించవలెను. గదిలోనికి ఇతరులు ప్రవేశింపరాదు." ఇతరులంటే ఎవరో కూడా ఆయనే వివరించారు. పనిమనిషి, పాలవాడు, పేపరువాడు, పక్కింటి పిల్లలు. "పేరంటాళ్ళనీ వాళ్ళనీ ఎవర్నీ రానివ్వకండి" అని భార్యకి గట్టిగా చెప్పారు. ఆ జాబితాలో తను కూడా ఉండవచ్చునని ఆయనకి తోచలేదు. ఎలా తోస్తుంది? సొంత ఇంట్లో ఆయన ఇతరుడెలా అవుతాడు?

మర్నాడు పరీక్ష బాగానే మొదలైంది. ఫణిశ్రీ లాప్‌టాప్‌ని గుండ్రంగా తిప్పి గది నాలుగు గోడలూ చూపించింది. బల్ల కింద చూపించింది. జుట్టు వెనక్కి తోసి చెవులు చూపించింది. తెరలో మూలన చిన్న డబ్బాలో తన మొహం తనకే కనిపిస్తోంది. గుమ్మం బయట మాణిక్యాంబ పీట వేసుకుని కాపలా కూర్చుంది. ప్రశ్నలు చూడగానే ఫణిశ్రీకి ప్రాణం లేచొచ్చింది. అన్నీ వచ్చినవే. మైకు మోగుతూనే ఉంది గాని బొంతల పుణ్యమా అని దూరంగా ఎక్కడో మోగుతున్నట్టుంది. సగం పైగా రాసేసింది. పెద్ద లెక్క ఒకటి తేలిపోయి, అంకెలు రెండు వైపులా సమానంగా వచ్చాయి. ఆ క్షణంలో ఆమెకి నల్లబల్ల కనపడిందంటే నేను నమ్ముతాను.

ఉన్నట్టుండి మైకు ఆగిపోయింది.

సంగతేంటంటే మాస్టారికి ఇంట్లో కాలు నిలవలేదు. కోడలు పరీక్ష రాస్తుంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం ఆయన వల్ల కాలేదు. కండువా వేసుకుని వీధి చివరికి వెళ్ళారు. పల్లంరాజు ఒకప్పుడు ఆయన స్కూల్లోనే చదివాడు. "ఏరా, మా కోడలు ఎమ్.కామ్ పరీక్ష రాస్తోంది, ఒక గంట ఆపు" అన్నారు. వాడు "అలాగేనండి మాస్టారూ" అని ఆపేశాడు. జాతర నెలలో అమ్మవారి మైకు ఆపించగలిగిన మనిషి పెద్దాపురంలో ఇంకెవరున్నారు? ఆ సంతోషం ఆయన ఒక్కరే మోయలేకపోయారు. గబగబా ఇంటికొచ్చి, చెప్పులు వరండాలో విడిచి, గది గుమ్మం దగ్గరికి వచ్చారు.

కాపలా ఉన్న మాణిక్యాంబ ఆయన్ని చూడగానే గోడ పట్టుకుని లేచి నిలబడింది. పీట కాలితో పక్కకి జరిపి దారి ఇచ్చింది. ఆపాలని ఆవిడకి తెలుసు. ఆపడమెలాగో తెలియదు. ఆ ఇంటికొచ్చిన నాటినుంచి ఆయన్ని ఏ గుమ్మంలోనూ ఆపలేదు.

ఆయన తలుపు తోసుకుని లోపలికి వచ్చి, "అమ్మాయ్, మైకు ఆపించేశానమ్మా. ఇంక నిశ్చింతగా రాసుకో" అన్నారు.

ఫణిశ్రీ లేచి నిలబడింది. భుజం మీద కొంగు సర్దుకుని, "అలాగేనండి" అంది.

ఆయన తృప్తిగా తలూపి వెళ్ళిపోయారు. ఆమె తిరిగి కూర్చుని చూసేసరికి తెర బూడిద రంగులోకి మారిపోయింది. నిబంధనల ఉల్లంఘన జరిగినందువల్ల పరీక్ష ముగిసిందని మధ్యలో ఒక వాక్యం ఉంది. కుర్చీ ఖాళీ అయింది, వేరే మనిషి కనపడ్డాడు, గొంతులు వినపడ్డాయి. యంత్రానికి అంతకంటే ఏం కావాలి? ఆమె మౌస్ అటూ ఇటూ కదిపింది. మీటలు నొక్కింది. ఆ వాక్యం అలాగే ఉంది.

మాస్టారు హాల్లో పేపరు చదువుకుంటున్నారు. సంగతి విని మొదట నమ్మలేదు. తర్వాత, "అయ్యో, అదేంటి" అన్నారు. ఆ తర్వాత ఒక మాట అన్నారు. ఆ మాట ఫణిశ్రీ జన్మలో మరిచిపోదు.

"నేను నిన్ను లేవమన్నానా అమ్మా?"

నిజమే, అనలేదు.

యూనివర్సిటీ సహాయ కేంద్రానికి ఫోను చేస్తే ఒక చిన్నపిల్ల గొంతు పలికింది. మర్యాదగానే మాట్లాడింది. "సీట్‌లోంచి ఎందుకు లేచారు మేడమ్? ఏమన్నా మెడికల్ ఎమర్జెన్సీనా?"

"కాదండి. మా మామగారు వచ్చారండి."

"వచ్చి ఏమన్నా పడిపోయారా?"

"లేదండి. ఊరికే వచ్చారండి."

"మరి మీరెందుకు లేచారు మేడమ్?"

ఫణిశ్రీ ఫోను ఇంకో చెవికి మార్చుకుంది. ఆ పిల్లే జాలిపడి దారి చెప్పింది. బయటి మనిషి వల్ల ఆటంకం కలిగితే ఆ మనిషే ఒక ప్రకటన రాసివ్వాలి. పరీక్ష జరుగుతున్న గదిలోకి నా పొరపాటు వల్ల వచ్చాను, అభ్యర్థి తప్పేమీ లేదు అని రాసి సంతకం పెట్టాలి. వారంలోపల పంపితే ప్రత్యేకంగా ఇంకోసారి రాయనిస్తారు, ఆగస్టులోపలే ఫలితం వచ్చేస్తుంది. లేదంటే మళ్ళీ డిసెంబరే.

రెండు వాక్యాలు. వాటి మీద ఆమె క్లాసు మొత్తం ఆధారపడి ఉంది.

మామగారు కాఫీ తాగే వేళ చూసి ఎదురుగా వెళ్ళి నిలబడి అడిగింది. "మావయ్యగారూ, పొరపాటున వచ్చానని ఒక్క ముక్క రాసివ్వండి. మళ్ళీ రాయనిస్తారట."

"పొరపాటున ఎందుకొస్తానమ్మా? పని మీద వచ్చాను. అదీ నీ పని మీదే వచ్చాను."

"అవుననుకోండి. కానీ వాళ్ళకి అలా రాస్తేనే గాని..."

"వాళ్ళెవరో ఎక్కడో కూర్చుని, నా ఇంట్లో నేను ఏ గదిలోకి వెళ్ళాలో చెప్తారా? ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క మెమో పుచ్చుకోలేదు నేను. ఇప్పుడు నీ పరీక్ష కోసం నేను తప్పు చేశానని సంతకం పెట్టాలా? తప్పెవరిదమ్మా? లేచినవాళ్ళదా, లేవమనని వాళ్ళదా?"

మాణిక్యాంబ వంటింటి గుమ్మంలో నిలబడి విన్నది. కోడలు లోపలికి వచ్చాక, "నేనైనా లేచేదాన్నేనమ్మా" అంది మెల్లగా. ఆ ఇంట్లో ఫణిశ్రీకి దొరికిన ఊరట అదొక్కటే. దాంతో పరీక్ష పాసవరు.

విశ్వనాథ్ మాత్రం బస్సు దిగొచ్చి, చొక్కా విప్పుకుంటూ ఉపాయం చెప్పాడు. "నాన్నగారిని కదపడం దేనికి? నువ్వే రాసి ఆయన సంతకం పెట్టేసెయ్. వాళ్ళేమన్నా వచ్చి చూస్తారా ఏంటి?"

ఆమెకి అంతదాకా రాని కోపం అప్పుడొచ్చింది. "ఇన్నాళ్ళూ నిజంగా లేచాను కదండీ. ఇప్పుడాయన ఒక్కసారి అబద్ధంగా కూడా తగ్గకూడదా? తప్పు ఎవరిదో వాళ్ళ చేత్తోనే రాయాలి. నేను దొంగ సంతకాలు పెట్టను" అంది.

ఇది మొండితనమనీ, చేజేతులా పోగొట్టుకుందనీ అన్నవాళ్ళు ఉన్నారు. నాకు అలా అనిపించదు. మనిషి అన్నీ వదులుకుంటూ పోతే, ఎక్కడో ఒకచోట కాలు నిలబెట్టాలి కదా. ఆమె నిలబెట్టిన చోటు లాభసాటిది కాకపోవచ్చు.

రోజులు గడిచాయి. ఆమె రోజూ అడిగింది. ఆయన రోజూ పేపరు తిరగేశారు. గడువు రేపటితో అయిపోతుందనగా, పొద్దున్న పూజ ముగించుకుని వచ్చి, "నీ కోసం రాశానమ్మా" అంటూ ఒక కాగితం చేతిలో పెట్టారు. ముత్యాల్లాంటి అక్షరాలు, చక్కని ఇంగ్లీషు. ఫణిశ్రీ నిలబడే చదివింది. మొదటి పేరాలో ఆయన సర్వీసు. రెండో పేరాలో జాతర, మైకు, దాన్ని ఆయన ఆపించిన వైనం. మూడో పేరాలో భారతీయ కుటుంబ వ్యవస్థ. అభ్యర్థిని పెద్దల పట్ల గౌరవంతో లేచి నిలబడిందనీ, ఇటువంటి సంస్కారాన్ని శిక్షించక, అభినందించడం విశ్వవిద్యాలయం ధర్మమనీ, తగిన చర్య తీసుకోవలసిందనీ ముగింపు. పొరపాటు అన్న మాట ఎక్కడా లేదు. కింద పూర్తి సంతకం, హోదా, రిటైర్డ్ అని బ్రాకెట్టు.

పనికిరాదని తెలిసే పంపింది. మర్నాడే జవాబు వచ్చింది. కోరిన ప్రకటన అందనందున అభ్యర్థన తిరస్కరించడమైనది. ఆ జవాబు చదివి మాస్టారు నిట్టూర్చి, "వీళ్ళకి సంస్కారం లేదు" అన్నారు.

ఫలితాలొచ్చిన రోజు అశ్విని ఫోను చేసింది. ఫస్టు క్లాసు. "నువ్వు లేకపోతే రెండో సెమిస్టర్లోనే వదిలేసేదాన్నక్కా" అంటూ ఏడ్చింది. ఫణిశ్రీ నిజంగానే సంతోషించింది. సంతోషించాక ఫోను పెట్టేసి, ఆఫీసు బాత్రూములోకి వెళ్ళి మొహం కడుక్కుంది. ఆగస్టులో మేనేజిమెంటు వాళ్ళు కామర్సుకి ఏలూరునుంచి ఎవరో కుర్రాణ్ణి తెచ్చుకున్నారు. అతని పేరు హాజరు పట్టీలో ఎక్కించింది ఫణిశ్రీయే. జగన్నాథరావు ఆమె కిటికీ ముందునుంచి వెళ్ళేటప్పుడు ఫోను చూసుకుంటూ వెళ్తున్నాడు. పిల్లలు కూడా కిటికీ దగ్గరికి రావడం తగ్గించారు. కొత్త సారు దగ్గరికే వెళ్ళాలని ఆర్డరు.

ఒక ఆదివారం సత్తిరాజు గారు వచ్చారు. మాస్టారితో కలిసి పనిచేసిన డ్రిల్లు మాస్టారు ఆయన. ఈమధ్య వచ్చినవాళ్ళందరికీ జరిగినట్టే ఆయనకి కూడా ఆ ఇంగ్లీషు ఉత్తరం నకలు చదివి వినిపించడం జరిగింది. మైకు ఆపించిన ఘట్టం దగ్గర సత్తిరాజు గారు "భేష్" అన్నారు. సంస్కారం దగ్గర తలాడించారు. ఫణిశ్రీ కాఫీలు తెచ్చి బల్ల మీద పెట్టింది. సత్తిరాజు గారు గ్లాసు అందుకుంటూ ఆమె వైపు చూసి, "ఇంతకీ పాసయ్యావా అమ్మా?" అన్నారు.

ఆమెకి ఎదురుగా ఒక కుర్చీ ఖాళీగా ఉంది. దాన్ని ముందుకి లాక్కుని అందులో కూర్చుంది.

"లేదండి. పరీక్ష మధ్యలో మావయ్యగారు గదిలోకి వచ్చారండి. నేను లేచాను. అందుకని పోయిందండి. పొరపాటున వచ్చానని రాసిస్తే మళ్ళీ రాయనిస్తామన్నారు. మావయ్యగారు అది రాయలేదు, ఇది రాశారండి."

సత్తిరాజు గారు కాఫీ వైపు చూసుకున్నారు. మాస్టారు కోడలి మొహంలోకి కాదు, కుర్చీ వైపు చూశారు. ఏదో పని ఉన్నట్టు లేచి లోపలికి వెళ్ళారు. లోపల ఆయనకి ఏ పనీ లేదు. ఒక నిమిషం ఆగి, చేతులూపుకుంటూ మళ్ళీ హాల్లోకి వచ్చారు. ఆమెకి ఇంకో అవకాశం ఇచ్చారన్నమాట.

గోడ వారన పీట మీద ఉన్న మాణిక్యాంబ మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది.

ఫణిశ్రీ లేవలేదు. మడమలు నేల మీద ఒకసారి కదిలాయి, అంతే. పళ్ళు బిగించి ఒక్క క్షణం ఓర్చుకుంటే అవే ఊరుకున్నాయి. ఇల్లు కూలలేదు. ఎవరూ ఏమీ అనలేదు. ఇంత తేలికైన పనా ఇది అనుకుంది. ఆ పరీక్ష పూట కూడా సరిగ్గా ఇంతసేపు, ఈ ఒక్క క్షణం ఓర్చుకుని ఉంటే చాలునని తెలిసొచ్చి, ఆ పెద్దమనుషులిద్దరి ముందూ కుర్చీలో కూర్చునే ఏడ్చింది.